సంచారగృహమునకు సౌరవిద్యుత్తు

సంచారము మన తెలుగువారికి క్రొత్తది కాదు. రైళ్లు లేని దినములలో మన పెద్దలు గూడుబండ్లు కట్టించుకొని, బియ్యపు మూటలును పచ్చడి జాడీలును వెంటనిడుకొని తిరుపతికిని శ్రీశైలమునకును పోయి వచ్చుచుండిరి. ఏనుగుల వీరాస్వామిగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి బోయి, 1831లో మరలివచ్చి, ఆ యాత్రను దినచర్యగా వ్రాసియుంచిన సంగతి మన సోదరీమణులలో పెక్కుమంది యెరుగుదురు. అప్పుడు పల్లకీలును డేరాలునే యిల్లుగా నడచినవి. 1982వ సంవత్సరమున నందమూరి తారకరామారావుగారు పాత షెవర్లే బండి నొకదానిని మార్పించి, దానికి చైతన్యరథమని పేరిడి, అందు ఊరూర తిరిగినప్పుడు, నడచు బండియే బసయగుట మన జనులెల్లరును కన్నులార చూచిరి.

నేడు చలనచిత్రములు తీయు తావులలో నటీనటుల విశ్రాంతికై నిలుపు క్యారవానులను హైదరాబాదు నగరవాసులు చూచియే యుందురు. అట్టి బండిలో వంటయిల్లు, పడక, స్నానపు గది యన్నియు నిమిడియుండును. కాని యొక చిక్కు గలదు. ఇల్లు వెంట వచ్చును గాని, ఇంటికి కరెంటునిచ్చు స్తంభము వెంట రాదు. డీజిలు జనరేటరు నడుపుదమన్న దాని రొదకు పసిబిడ్డలు నిదురపోరు, దాని పొగకు పెద్దలు దగ్గుదురు. కావున బండి కప్పుపై సౌరఫలకములు పరచి, సూర్యుని వలననే దీపము వెలిగించుకొనవలెనను కోరిక యిప్పుడు పలువురకు గలుగుచున్నది. కోరిక మంచిదే. అయితే దానిని నెరవేర్చుకొను మార్గము అంగడిలో గాక, మనము ప్రతిమాసమును వ్రాయు ఇంటి పద్దులోనే మొదలగునని ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణము నానుకొని యున్న తార్నాకలో మాకు తెలిసిన కుటుంబ మొకటి గలదు. ఇంటి యజమాని కళాశాలలో చదువు చెప్పి విశ్రాంతి గొన్నవారు. ఆయన తల్లిగారికి డెబ్బదియెనిమిదేండ్లు. మధుమేహమునకై దినమును ఇన్సులిన్ పుచ్చుకొనుచుందురు. ఆమెకు కాశి చూడవలెనని చిరకాలపు కోరిక. రైలులో పోయి, ఊరుగాని ఊర బసలు మార్చుకొనుట యామెకు సాధ్యము కాదు. కావున కుటుంబమువారు పాత చిన్నబస్సు నొకదానిని కొని, దానిని సంచారగృహముగా మార్పింప నారంభించిరి. విద్యుత్తు సంగతి మాటలాడవచ్చిన వర్తకు డొకడు, "కప్పు నిండ పలకలు బిగిస్తామండీ, రాత్రంతా ఏ.సి. ఆడుతుంది, మీకు ఏ దిగులూ ఉండదు" అని చెప్పి, ఒక కాగితముపై లెక్క వ్రాసియిచ్చి పోయెను.

ఆ యింటి కోడలు ఆ కాగితమును మాకు జూపి, "అక్కయ్యా, మామయ్యగారు రేపు బయానా ఇచ్చేస్తామంటున్నారు. అమ్మమ్మగారి మందు చెడిపోకుండా ఉంటుందా లేదా అన్నది దీంట్లో ఎక్కడా లేదు. మీరొకసారి చూడండి" అనెను. చూచితిమి. వర్తకుడు 2400 వాట్ల పలకలను పగటి 8 గంటలతో గుణించి, దినమునకు 19 యూనిట్లు వచ్చునని వ్రాసెను. ఉదయము మొదలు సాయంకాలము వరకు సూర్యుడు నడినెత్తినే నిలిచియుండునని యెంచిననే గాని ఆ లెక్క కుదరదు. అటుపిమ్మట మేమును ఆ కోడలును గూర్చుండి క్రొత్త పద్దు వ్రాసితిమి. ఈ లెక్కకు గుణకారము, భాగహారము తప్ప వేరొక విద్య యక్కరలేదు. కావుననే దీనిని సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

వ్యయము

ఆదాయము తెలియకమునుపు వ్యయమును వ్రాయుట యేమని కొందరడుగుదురు. బండి కప్పుపై చోటు పరిమితము. కాబట్టి ఆదాయమున కొక హద్దు ముందే యున్నది. మన చేతిలో నున్నది వ్యయము మాత్రమే. వెయ్యి వాట్ల యుపకరణము ఒక గంట నడచిన ఒక యూనిట్టు ఖర్చగును. నెలనెల వచ్చు కరెంటు బిల్లులో నుండునది యీ యూనిట్టే. ప్లగ్గునకును ఉపకరణమునకును నడుమ నుంచు చిన్న మీటరు లంగళ్లలో దొరకును. దానిని తగిలించి ఒక్కొక్క వస్తువును దినమంతయు నడిపి చూచినయెడల, దానిపై నచ్చువేసిన సంఖ్యకంటె నిక్కమైన సంఖ్య తెలియును. ఫ్రిజ్జువంటి వస్తువు నిరువదినాలుగు గంటలు కొలువవలెను. అది కొంతసేపు నడచి, కొంతసేపు ఆగుచుండును గదా.

కోడలు వ్రాసిన పద్దు ఇట్లున్నది. బ్యాటరీపై నేరుగా నడచు చిన్న ఫ్రిజ్జునకు మన వేసవిలో దినమునకు 0.8 యూనిట్టు. 28 వాట్ల క్రొత్తరకపు ఫ్యానులు రెండు, 12 గంటలు తిరిగిన 0.7. పాతరకపు 75 వాట్ల ఫ్యానులే యైనచో ఇదే పనికి 1.8 యగును, ఫ్యాను మార్చినంతనే యొక యూనిట్టుకు మించి మిగిలినదన్నమాట. 7 వాట్ల దీపము లైదు, 5 గంటలకు 0.2. ఫోనులకును ల్యాప్‌టాపునకును 0.3. నీటి పంపునకును మిక్సీకిని గలిపి 0.1. ఇండక్షను పొయ్యిపై వంటకు 1.5. ఇన్వర్టరు, దానిపై నేమియు నడువకున్నను, ఊరక వెలుగుచుండుటకే దినమునకు 0.5. ఈ కడపటి పద్దును వర్తకులు తరచుగా చెప్పరు. ఇవన్నియు గూడిన 4.1 యూనిట్లు. చిన్న ఏ.సి. గంటకు సుమారు 0.6 చొప్పున రాత్రి 8 గంటలు నడచిన 4.8. వెరసి 8.9 యూనిట్లు.

ఇంతటితో పద్దు ముగియలేదు. దీనిని మూడు భాగములు చేయుమని చెప్పితిమి. మొదటిది ప్రాణావసరము: ఫ్రిజ్జు, ఫ్యానులు, దీపములు, ఫోనులు. ఇవి కలిసి సరిగా 2 యూనిట్లు. రెండవది సంసారావసరము: పొయ్యి, మిక్సీ, పంపు, వీనిని నడుపు ఇన్వర్టరు. ఇవి 2.1. మూడవది సౌఖ్యము: ఏ.సి. 4.8. ఒక్క సౌఖ్యమే మొదటి రెండింటికంటెను ఎక్కువ గ్రహించుచున్నదని ఈ విభజనము వలన గాని తెలియదు.

ఆదాయము

కాంతి తగిలిన విద్యుత్తు పుట్టుననుట ఫ్రాన్సు దేశమున బెకరెల్ అను శాస్త్రజ్ఞుడు 1839లోనే కనిపెట్టెను. సిలికానుతో జేసిన, పనికివచ్చు సౌరఘటము 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున వెలువడినది. 1958లో ఆకాశమున కెగిరిన వాన్‌గార్డు అను కృత్రిమోపగ్రహము దానిని ధరించిపోయెను. మన తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థయందును క్రొత్తరకపు సౌరఘటములను గూర్చి పరిశోధనలు జరిగినవి. ఇంత చరిత్ర గల విద్య యగుటచే పలకయొక్క పనితనమున సందియము లేదు. సందియమెల్ల దానిపై మనము మోపు నాశలందే.

ఆ చిన్నబస్సు కప్పు 22 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఒక్కొక్క పలక ఆరున్నర అడుగుల పొడవును మూడుంబావు అడుగుల వెడల్పును గలది, 400 వాట్లది. రెండేసి చొప్పున మూడు వరుసలు పరచిన ఆరు పలకలు పట్టును. గాలిగవాక్షమునకు రెండున్నర అడుగుల చోటు మిగులును. ఆరు నాలుగులు ఇరువదినాలుగు, 2400 వాట్లు. ఇంతకు మించి యొక్క పలకయైనను పట్టదు.

ఇక సూర్యుడు. హైదరాబాదున ఏడాది సగటున, చదునైన తలముపై, ఒక చదరపు మీటరు మేరకు దినమునకు 5 యూనిట్లకు కొంచెము పైగా ఎండ బడును. అనగా పగటి ఎండ నంతయు పోగుచేసి చూచిన, నిండు ఎండ ఐదు గంటలు కాచినదానితో సమము. 2400 వాట్లను 5తో గుణించిన 12 యూనిట్లు. ఇదియు కాగితపు లెక్కయే. పలకలను పరీక్షించునది 25 డిగ్రీల వేడిమిలో. మన వైశాఖమాసపు మధ్యాహ్నమున పలక 60 డిగ్రీలు దాటును. ప్రతి డిగ్రీకిని శక్తి కొంచెము కొంచెము తగ్గును. దుమ్ము కొంత, తీగలు కొంత, యంత్రములు కొంత హరించును. నూటికి ముప్పది పోయినవనుకొన్న, మంచి దినమున చేతికి వచ్చునది సుమారు 8 యూనిట్లు. శ్రావణపు ముసురులో 2 యూనిట్లు వచ్చిన మేలే.

ఇప్పుడు రెండు పద్దులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఖర్చు 8.9, మంచి దినపు రాబడి 8. కాలికి వేసిన వ్రేలికి చాలదు, వ్రేలికి వేసిన కాలికి చాలదు. రాత్రియంతయు ఏ.సి. యను మాట యిచ్చట తేలిపోయినది. 2017వ సంవత్సరము జూలైలో రైల్వేవారు ఢిల్లీలో ప్రారంభించిన సౌరఫలకముల బండిలో, పెట్టెకు 300 వాట్ల పలకలు 16 చొప్పున బిగించిరి. అంత పెద్ద కప్పుపై వచ్చిన విద్యుత్తును సైతము వారు దీపములకును ఫ్యానులకును వినియోగించిరే గాని, బండిని లాగుటకు గాదు, లాగునది డీజిలే. పెద్ద సంస్థలు సైతము రాబడికి తగిన పనిని మాత్రమే అప్పగించునని దీనివలన నేర్చుకొందము.

నీడను గూర్చి యొక మాట. విశ్వవిద్యాలయపు బాటలలో ఉదయమున వాహ్యాళికి బోవువారు వేపచెట్ల క్రింద నడచుటకు ఇచ్చగింతురు. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము నెదుటి ఆరుబయట ఎండ కాయుచుండగా అచ్చట నిలువరు. మనుష్యులకు నీడ హితము, పలకలకు ఎండ హితము. సంచారగృహమున నీ రెండు హితములును ఒకే బండిపై నున్నవి. చెట్టునీడ సగము పలకపై బడిన సగమే నష్టమని యెంచరాదు. పలకలోని ఘటములు తాడుకు గ్రుచ్చిన బిందెలవలె వరుసగా గూర్పబడి యుండును. ఒకటి చిక్కుకొనిన తక్కినవియు కుంటువడును. నీడబడిన భాగమును తప్పించి విద్యుత్తును ప్రక్కదారిన బోనిచ్చు చిన్న సాధనములు పలకలో నుండును గాని, అవియు నష్టమును తగ్గించునే గాని మాన్పజాలవు. కావున ఎండలో నిలుపుటకే బండి నేర్పరుచుకొని, లోపలివారికి చల్లదనమును వేరు మార్గమున కల్పింపవలెను.

పలకలను గూర్చు విధమునందును వివేకము వలయును. ఈ ఆరింటిని రెండేసి వరుసగా కలిపి, అట్టి జతలు మూడింటిని ప్రక్కప్రక్కగా చేర్చితిమి. ఒక జతపై నీడ పడినను తక్కిన రెండు జతలు పనిచేయుచుండును. మూడేసి కలుపరాదా యనిన, దానికొక కారణము గలదు. పలకలనుండి విద్యుత్తును గ్రహించి బ్యాటరీకి తగినట్లు మార్చు నియంత్రకము 150 ఓల్టులకు మించి తాళలేనిది. ఒక్కొక్క పలక, పని లేక ఊరకున్నప్పుడు, 48 ఓల్టుల వరకు జూపును. మూడు కలిసిన 144. హైదరాబాదున నిది తాళునేమో. కాని చలి పెరిగినకొలది పలక ఓల్టులు పెరుగును. పుష్యమాసపు తెల్లవారుజామున లంబసింగి కొండపై బండి నిలిపినయెడల, తొలి ఎండ తగులగనే 150 దాటి నియంత్రకము పాడగును. రెండేసి కలిపిన 96 మాత్రమే గనుక ఏ చలికిని భయము లేదు. ప్రయాణపు బండిని, అది పోబోవు అన్ని యూళ్ల వాతావరణమును తలచి కట్టవలెను.

గాదె

పగటి పంటను రాత్రికి నిలువచేయు గాదె బ్యాటరీ. మన యిండ్లలో ఇన్వర్టరు క్రింద నుండు, డిస్టిల్డు వాటరు పోయు సీసపు బ్యాటరీని ఎల్లరు నెరుగుదురు. 12 ఓల్టులు, 150 ఆంపియరు గంటలు గల యట్టి బ్యాటరీలో 1.8 యూనిట్లు పట్టును. కాని సగమునకు మించి వాడిన దాని ఆయువు క్షీణించును. కాబట్టి చేతికందునది 0.9. మనకు రాత్రికిని మరునాటికిని గలిపి 9 యూనిట్లు కావలెనన్న అట్టివి పది వలయును. ఒక్కొక్కటి ఏబదియైదు కిలోలకు తక్కువ గాదు. పది కలిసి అయిదువందలయేబది కిలోలు. పైగా ఛార్జియగునప్పుడు అవి మండెడు వాయువును వెడలించును. మనుష్యులు పరుండు మూసిన గదిలో దాని నుంచుట తగదు.

లిథియం ఇనుప ఫాస్ఫేటు అను రకపు బ్యాటరీ వేరు విధమైనది. 51.2 ఓల్టులు, 200 ఆంపియరు గంటల బ్యాటరీ యొకటి 10 యూనిట్లు పట్టును. అందు 9 వరకు నిశ్చింతగా వాడుకొనవచ్చును. బరువు సుమారు నూరు కిలోలు. కొనుటకు ఖరీదెక్కువ యైనను, ఏండ్లతరబడి మన్నును. అయితే దానికి వేడిమి గిట్టదు. ఎండలో నిలిపిన బండిలో, ఇంజను చెంతగాని కప్పు క్రిందగాని దాని నుంచరాదు. బండి నడుమ, నేలకు దగ్గరగా, గాలి యాడు పెట్టెలో, కదలకుండ పట్టీలతో బిగించియుంచవలెను. ప్రతి ఘటమును కనిపెట్టుచు, మితిమీరిన ఛార్జిని, వేడిమిని నిలుపు కాపలా యంత్రము దానిలో నుండితీరవలెను. అది లేని బ్యాటరీ యెంత చవుకయైనను మనకు వలదు.

ముసురు పట్టినపుడు ఈ గాదె యెన్నాళ్లు నిలుచును? ప్రాణావసరములు దినమునకు 2 యూనిట్లే. ముసురులో వచ్చునదియు ఇంచుమించు 2 యూనిట్లే. అసలేమియు రాకున్నను నిండు గాదెతో నాలుగు దినములు గడచును. అనగా పొయ్యిని, ఏ.సి.ని మానుకొన్నంతకాలము ఫ్రిజ్జు ఆగు భయము లేదు. పూర్వపు గృహిణి గాదెలోని ధాన్యమును పండుగకు తీయకమునుపు విత్తనములకు వేరుగా నుంచెడిది. ఈ 2 యూనిట్లు మన విత్తనపు ధాన్యము.

కాలువలు

గాదెనుండి గదికి విద్యుత్తును తెచ్చునవి తీగలు. 12 ఓల్టుల పద్ధతియే చాలదా, కారులో నున్నది గదా యని కొందరడుగుదురు. 3000 వాట్ల ఇన్వర్టరు 12 ఓల్టులపై నడచిన తీగలో 250 ఆంపియర్లు ప్రవహించును. 48 ఓల్టులపై 62 మాత్రమే. అదే తీగలో ప్రవాహము నాలుగింతలైన వేడిమి నాలుగింతలు గాదు, పదునారింతలగును. సన్నని తీగ యైనచో పొయ్యిలోని తీగవలె కాగును. కావున ఇంతటి పెద్ద యేర్పాటునకు 48 ఓల్టుల పద్ధతియే శ్రేయము.

తీగలను రెండు తెగలుగా విడదీయించితిమి. పొయ్యి, మిక్సీ, ఏ.సి.లు ఇన్వర్టరు ద్వారమున నడచును. ఫ్రిజ్జు, ఫ్యానులు, దీపములు ఓల్టులు తగ్గించు చిన్న యంత్రము ద్వారమున, ఇన్వర్టరుతో నిమిత్తము లేక, బ్యాటరీనుండి నేరుగా నడచును. ఇన్వర్టరు చెడినను, దాని నార్పి పరుండినను, మందు చల్లగానే యుండును; దాని ఊరక వ్యయమగు అర యూనిట్టును మిగులును.

గాదెకు మరి రెండు కాలువలు గలవు. బండి నడచునపుడు ఇంజనులోని ఆల్టర్నేటరు విద్యుత్తును పుట్టించుచునే యుండును. తగిన ఛార్జరు నడుమ నుంచిన మూడు గంటల ప్రయాణమునకు ఒక యూనిట్టుకు పైగా లభించును. ఏ బంధువు నింటనో దిగినపుడు మామూలు ప్లగ్గునుండి ఒక్క రాత్రిలో గాదె నింపుకొనవచ్చును. సూర్యునిపై నాధారపడుట యనగా తక్కిన త్రోవలు మూసికొనుట గాదు.

రక్షణ

ఇల్లు కదలనిది, బండి కుదుపులకు లోనైనది. కుదుపునకు వదులైన ముడి వేడెక్కును. వేడెక్కిన ముడి నిప్పగును. బ్యాటరీ విద్యుత్తు ఒకే ముఖముగా ప్రవహించునది గనుక, తెగిన చోట పుట్టిన మెరుపు ఇంటి కరెంటు మెరుపువలె తనంత తానారదు. కాబట్టి బ్యాటరీ చెంతనే, జానెడు దూరమునకు లోపుగా, దానికై చేసిన ఫ్యూజు నుంచవలెను. ఇంటిలో వాడు స్విచ్చిని బ్యాటరీ తీగకు వాడరాదు. తీగల కొనలను చేతితో మెలిపెట్టక, రాగి లగ్గులు వేసి యంత్రముతో నొక్కి బిగింపవలెను. రేకును దాటి పోవు ప్రతిచోటను రబ్బరు కట్టు వేయవలెను. ఇన్వర్టరు తరువాత, షాకు తగిలినంతనే కరెంటును ఆపు మీట యుండవలెను. గ్యాసు బండ వాడినయెడల అదియు బ్యాటరీయు ఒకే పెట్టెలో నుండరాదు. పరుండు చోట పొగను తెలుపు గంటయు, తలుపు చెంత మంటలార్పు సాధనమును ఉండవలెను. ఈ పనులను అనుభవము గల ఎలక్ట్రీషియనుచే చేయింపవలెనే గాని, మనము పుస్తకము చదివి చేయదగినవి కావు. కాని ఇవి జరిగినవా లేదాయని యడిగి చూచుట మన పనియే.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుటకు నిర్బంధములు గలవు. అధికారుల అనుమతి లేక మార్పులు చేయించిన పిదప చిక్కులు వచ్చును. 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకపు సహాయము, కరెంటు లైనుకు కలిపిన నివాసపు ఇండ్ల కప్పులకు ఉద్దేశింపబడినది. బండి కప్పునకు అది వచ్చునని యెవరైన జెప్పిన నమ్మవలదు.

తీర్పు

పద్దు పూర్తియైన పిమ్మట ఇంటివారందరును గూడి కూర్చుండిరి. ఏ.సి. లేనిదే వేసవిలో బండి నిప్పుల కుంపటి యగునని కుమారుని వాదము. ఆ మాటయు అసత్యము గాదు. ఇన్సులిన్ విప్పని సీసాలను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుంచవలెననియు, గడ్డకట్టనీయరాదనియు వైద్యులు చెప్పుదురు. వాడుచున్న సీసా నెలకు కొంచెము తక్కువగా బయట నిలుచును గాని, అదియు 30 డిగ్రీలు మించని చోటనే. మన వేసవిలో నిలిపిన బండి లోపల అట్టి చోటు దొరకదు. చెడిన మందు చూచుటకు మంచి మందువలెనే యుండవచ్చును. చెడినదని పెద్దామె శరీరము చెప్పువరకు తెలియదు. ఈ సంగతి విన్న తరువాత ఎవ్వరును వాదింపలేదు. పెద్దామె మాత్రము నవ్వి, "నాకోసం మీరు ఉడికిపోవద్దురా నాయనా, సాయంత్రం కాసేపు వేసుకోండి" అనెను.

చివరకు తేలినది ఇది. కప్పునకు లోపల మందమైన థర్మాకోలు పొర వేయవలెను. పలకలను కప్పునకు నాలుగంగుళముల యెత్తున నిలుపవలెను. నడుమ గాలి యాడును, పలకలే కప్పునకు నీడ యగును, పలకలును చల్లబడి మరికొంచెము విద్యుత్తు నిచ్చును. కిటికీలకు వెలుపల తెరలు కట్టవలెను. ఏ.సి. పరుండుటకు ముందు రెండు గంటలు మాత్రమే, 1.2 యూనిట్లు. అప్పుడు వెరసి ఖర్చు 5.3, మంచి దినమున 2.7 యూనిట్లు గాదెకు మిగులును. గాదె సగమునకు దిగినచో ఏ.సి. మానవలెను. మూడవవంతునకు దిగినచో ఇండక్షను పొయ్యి మాని గ్యాసుపై వండుకొనవలెను. ఫ్రిజ్జు మీటను మాత్రము ఎవ్వరును ముట్టరాదు. ఈ మూడు నియమములను కోడలు అట్టముక్కపై వ్రాసి బండిలో మీటల ప్రక్కన అంటించెను.

బయలుదేరుటకు మున్ను వారు ఆషాఢమాసమున, మబ్బులు క్రమ్మిన వారమును చూచి, బండిని తమ పెరటనే నిలిపి, కరెంటు తీగ కలుపక, మూడు దినములందే కాపురముండిరి. ఎండకాలపు పరీక్ష సుఖము. ముసురు పరీక్షయే పరీక్ష. ఫ్రిజ్జులో నుంచిన ఉష్ణమాపకము మూడు దినములును హద్దు దాటలేదు. రెండవనాటి సాయంకాలమున పొయ్యి మానవలసివచ్చెను. మూడవనాడు మజ్జిగన్నము, ఆవకాయతో గడిపిరి. ఏ దిగుబడికి ఏ జీవనమో ఇంటిల్లిపాదికిని అప్పుడు తెలిసినది. కార్తికమాసమున వారు కాశికి బోయి సుఖముగా మరలివచ్చిరి.

సంచారగృహము అందరకు నుండదు. కాని ఇంటి కప్పుపై సౌరఫలకములు వేయించుకొనువారు నానాటికి హెచ్చుచున్నారు. కరెంటు పోయినప్పటికై ఇన్వర్టరు కొనువారు ప్రతి వీథిని గలరు. వారికిని ఈ పద్దే పద్దు. అమ్మువాడు పలకల సంఖ్యనుండి మొదలుపెట్టును. మనము, ఏది యారిపోయిన ఇంట నెవరికి ముప్పు వాటిల్లునను ప్రశ్ననుండి మొదలుపెట్టవలెను. మిగిలిన లెక్క దాని వెనుక నడచును. వాట్లు, ఓల్టులు, ఆంపియర్లు అను పేరులు విని అది మగవారి విద్యయని మన సోదరీమణులు ప్రక్కకు దొలగుట తగదు. రాబడికి మించని ఖర్చును, కరవునకు చాలిన నిలువను, రోగికి తొలి వడ్డనను ఏర్పరచుట తరతరములుగా మన చేతులలోని పనియే. దానికిప్పుడు క్రొత్త కొలమాన మొకటి చేరినది.